గొడుగు కంపెనీ వానాకాలం

మా బామ్మర్ది రోనాల్డ్ పెట్టిన గేముల కంపెనీ పైకొచ్చింది ఒక్క వానాకాలంలోనే. మూతపడింది కూడా ఆ వానలు పూర్తిగా వెనక్కిపోక ముందే. అది పైకొచ్చినన్నాళ్లూ నాకు నిద్ర పట్టలేదు. మూతపడ్డాక పడుతుందనుకున్నాను.

పోయిన సంవత్సరం జూన్‌లో, మొదటి వాన పడ్డ సాయంత్రం, మా అమ్మాయి క్యారల్ కాలేజీ నుంచి తడిసి వచ్చింది. తల కూడా తుడుచుకోకుండా ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

“డాడీ, మామయ్య గేమ్ వచ్చేసింది. జెర చూడు.”

చిలకలగూడలో మా ఇంటి ముందు గదే నా షాపు. పెళ్లిళ్లకు, సువార్త కూడికలకు, పుట్టినరోజులకు మైక్ సెట్లు పెడతాను. ఎనిమిదో తరగతిలో పుస్తకాలు కింద పెట్టి స్పీకర్ డబ్బాలు నెత్తికెత్తుకున్నవాణ్ణి. ఇప్పుడు యాభై రెండు. ఆ సాయంత్రం కాలిపోయిన ఆంప్లిఫయర్ ఒకటి విప్పి కూర్చున్నాను. చేతులు తుడుచుకుని చూశాను.

ఫోన్‌లో కూడా వానే. ఒక ముసలావిడ చేతిలోంచి ఎర్ర గొడుగు గాలికి ఎగిరిపోతుంది. వేలితో గాలిని అటూ ఇటూ తోస్తూ, గొడుగు నేల మీద పడకుండా రైల్వే స్టేషన్ దగ్గర నుంచి కాప్రా చెరువు దాకా చేర్చాలి. అంతే ఆట. పేరు ‘గొడుగు’. కరెంటు తీగలు, మేడల మీద ఆరేసిన బట్టలు, పట్టాల పక్కన క్వార్టర్లు, అన్నీ మన వైపువే. బాగానే ఉంది. బాగుందని మాత్రం అనలేదు.

“ఇప్పుడు మెట్టుగూడ వస్తది. అక్కడ చూడు,” అంది క్యారల్, నవ్వు ఆపుకుంటూ.

మెట్టుగూడ వీధిలో షామియానా కింద ఒకడు కూర్చుని ఉన్నాడు. పొట్ట, మీసం, చుట్టూ వైర్లు. గొడుగు దగ్గరికి దిగగానే మైక్ పట్టుకుని అరిచాడు.

“హలో, చెక్, చెక్. ఎవడ్రా వైర్ తొక్కింది?”

ఆ అరుపుకు గొడుగు మళ్లీ ఆకాశానికి లేచింది. గొంతు నాది.

వంటింట్లోంచి మా ఆవిడ ప్రేమమణి తొంగి చూసింది. “చూశారా, మీరు అరవకపోతే మావాడి గొడుగే ఎగరదంట,” అని ఒకటే నవ్వు. నేను నవ్వలేదు.

అది ఎప్పుడు రికార్డు చేశాడో గుర్తొచ్చింది. ఎండాకాలం ముందు రోనాల్డ్ వచ్చి, “బావా, గేమ్‌కు సౌండ్ కావాలి, మీరే దారి చూపించాలి,” అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి నా రికార్డింగు మిషన్ భుజాన వేసుకుని మూడు రోజులు తిరిగాను. అకాల వాన ఒకటి పడితే, రేకుల మీద ఒకసారి, తాటిపత్రి గుడ్డ మీద ఒకసారి, ఆగి ఉన్న గూడ్సు పెట్టె మీద ఒకసారి పట్టుకొచ్చాను. మూడూ మూడు రకాల వానలు. ఆ చివరి రోజు వాడి ఆఫీసులో మైక్ సరిచూస్తుంటే ఎవరో వైర్ తొక్కారు, నేను అరిచాను. మూడు రోజుల తిరుగుడులో వాడికి పనికొచ్చింది ఆ అరుపొక్కటే.

*

నెల తిరిగేసరికి ఆ ఆట పది లక్షల మంది ఫోన్లలోకి పోయిందన్నారు. పేపర్లో ఫోటో వచ్చింది. మెట్టుగూడలో రెండు గదుల్లో ఐదుగురితో నడిచే కంపెనీ, అదే బిల్డింగులో ఒక అంతస్తు మొత్తం తీసుకుంది. ఇరవై మంది అయ్యారు. జనం కంపెనీ అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి గొడుగు కంపెనీ అనడం మొదలుపెట్టారు.

కొత్త ఆఫీసు ప్రతిష్ఠ ప్రార్థనకు మా సంఘ పాస్టరు ఆర్థర్ అయ్యగారు వస్తున్నారంటే, నన్ను ఎవరూ అడక్కపోయినా రెండు స్పీకర్లు, ఒక మైకు ఆటోలో వేసుకుని వెళ్లాను. లిఫ్టు లేదు. మూడో అంతస్తుకు నేనే మోశాను. చెమటలు కారుతూ డబ్బాలు దించుతుంటే రోనాల్డ్ పరుగున వచ్చాడు.

“అయ్యో బావా, ఎందుకు మోశారు? ఇక్కడ అన్నీ ఉన్నాయి. మీరు ఈ రోజు గెస్ట్. ముందు వరసలో కూర్చోండి.”

వాడు నన్ను మీరు అనే అంటాడు. వాళ్లది గుంటూరు వైపు నుంచి వచ్చిన టీచర్ల కుటుంబం. వాడు పుట్టింది మాత్రం ఇక్కడే. అమ్మ పోయాక వాణ్ణి చదివించింది ప్రేమమణే. పెద్దల మీద వాడికి ఉన్న మర్యాద అంతా ఇంతా కాదు. తిట్టినా బాగుండేది.

ప్రార్థన అయ్యి కేకు కోస్తుంటే నేను లేచి గదులన్నీ చూశాను. ఒక గదికి గోడల నిండా నల్ల స్పంజి అతికించారు. లోపల రాహుల్ అని ముప్పై లోపు కుర్రాడు. పూణెలో సౌండ్ కోర్సు చదివి వచ్చాడట. తెర మీద గీతలు పైకీ కిందికీ ఆడుతున్నాయి, స్పీకర్లలో వాన.

“ఈ వాన యాడిది?” అన్నాను.

“లైబ్రరీ నుంచి, అంకుల్.”

“లైబ్రరీల వానలు సుత దొరుకుతయా?”

“దొరుకుతాయి అంకుల్. నాలుగు వందల రకాలు.”

“మరి నేను తెచ్చిన వాన ఏమైంది?”

రాహుల్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. “అందులో నాయిస్ ఉంది అంకుల్. పక్కన ఎవరో దగ్గుతున్నారు.”

దగ్గింది నేనే. తడిసి తిరిగితే దగ్గు రాదా? నేను ఆ మిషన్ మీద ఒక మీట పట్టుకోబోతే, “అది ముట్టుకోకండి అంకుల్, ప్లీజ్,” అన్నాడు. మెత్తగానే అన్నాడు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ నా చేతులు చేసేది అదొక్క పనే. దాన్ని ముట్టుకోవద్దన్నాడు.

కిందికి దిగుతుంటే ప్రేమమణి అడిగింది, “మీరు కేకు తినలేదేం?”

“తీపి పడతలేదు.”

“షుగరు లేదు, ఏమీ లేదు. ఎందుకు పడదు?” అంది. అంతకంటే ఏమీ అడగలేదు. నా స్పీకర్లు నేనే మోసుకుని దిగాను.

వారం తర్వాత ఇంట్లో అద్దాల బీరువా చూస్తే మధ్య అరలో రోనాల్డ్ ఫోటో ఉన్న పేపరు కటింగు, ఫ్రేము కట్టించి పెట్టి ఉంది. సంఘం నలభై ఏళ్ల పండుగకు మూడు రోజులు ఒంటిచేత్తో మైకులు నడిపినందుకు నాకిచ్చిన షీల్డు కింద అరలోకి, టీ కప్పుల పక్కకు పోయింది.

“ఇదేంది?” అన్నాను.

“దుమ్ము దులిపి సర్దానండీ,” అంది. నిజంగానే దుమ్ము దులిపింది. షీల్డు మెరుస్తోంది కూడా.

*

ఆగస్టు చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం రోనాల్డ్ మా ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ప్రేమమణి కోడికూర వడ్డిస్తుంటే విషయం చెప్పాడు.

విదేశీ కంపెనీ ఒకటి, గేముల లోకంలో చాలా పెద్దది, ‘గొడుగు’ను పెద్ద ఆటగా చేయిస్తానంది. టీవీకి పెట్టుకుని ఆడే మిషన్ల మీద, ప్రపంచమంతా. మాటలన్నీ అయిపోయాయి. సంతకం ఇంకో రెండు మూడు వారాల్లో.

“సంతకం పడితే ఇరవై మందికీ మూడేళ్లు పని, అక్కా. నేను వాళ్లను తీసుకుంది ఈ ధైర్యంతోనే. పడకపోతే కంపెనీ నవంబరు దాటదు.”

“పడుతుందిరా. ఎందుకు పడదు?”

“ఒక్కటే షరతు. వాళ్లంతట వాళ్లు ప్రకటించేదాకా వాళ్ల పేరు బయట వినపడకూడదు. మా ఆఫీసులో కూడా ముగ్గురికే తెలుసు.”

“మాకు చెప్పు. ప్రార్థన చెయ్యాలిగా.”

“కంపెనీ అని చెయ్యక్కా. దేవుడికి తెలియదా ఏ కంపెనీయో?”

ప్రేమమణి గరిటె గిన్నెలో పెట్టేసింది. “అమ్మ ఏం చెప్పేది? పేరు పెట్టి అడగాలి. పేరు లేని ప్రార్థన, చిరునామా లేని ఉత్తరం. నీ పదో తరగతప్పుడు పరీక్ష పేపరు దిద్దేవాడి పేరు తెలియదని అమ్మ ఎంత బాధపడింది?”

క్యారల్ పకపకా నవ్వింది. రోనాల్డ్ కూడా నవ్వి, పేరు చెప్పాడు. ఆ పేరు నేనిక్కడ చెప్పను. ఒకసారి బయటపడింది చాలు.

“సంఘంలో ప్రార్థనకు పెట్టనా?” అంది ప్రేమమణి.

వాడు ఆలోచించాడు. అందుకు కారణం ఉంది. కరోనా రోజుల నుంచి మా ఆరాధన ప్రతి ఆదివారం యూట్యూబులో లైవ్ వెళుతుంది. ఆ మిక్సరు, ఆ కెమెరా చూసేది నేనే. మొదట్లో ప్రార్థన అంశాలు కూడా లైవ్‌లో పోయేవి. ఒకావిడ లేచి, అల్లుడు తాగుడు మానాలని ప్రార్థించమంది. అల్లుడి తల్లిదండ్రులు విజయవాడలో కూర్చుని అది చూశారు. రెండు కుటుంబాల మధ్య అయ్యగారు నాలుగు నెలలు తిరిగారు. అప్పటి నుంచి ప్రార్థన అంశాలు మొదలవగానే నేను లైవ్ సౌండు తీసేసి పియానో కీర్తన వదలాలని నియమం. గుడిలో కూర్చున్నవాళ్లకు మాటలు, బయట చూసేవాళ్లకు పియానో.

“గుడిలో ఉండేది మనవాళ్లేగా, వాళ్లకు గేములు పట్టవు,” అన్నాడు రోనాల్డ్ నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగాడు. “లైవ్‌లో పోకుండా బావ ఉన్నారుగా. పెట్టు అక్కా.”

నేను ఎముక కొరుకుతున్నాను. తల ఊపాను.

*

మరుసటి వారమే కాప్రాలో ఒక పెళ్లి. ఫంక్షన్ హాల్లో నా సెట్టే. వానకు కరెంటు పోయి వస్తూంటే, పెళ్లికొడుకు వైపు పిల్లలు పదిమంది నా చుట్టూ మూగారు.

“అంకుల్, మీరే కదా మైక్ అంకుల్? ఒక్కసారి అనండి అంకుల్, వైర్ తొక్కిందనండి.”

“పోండి, పని చేసుకోనియ్యండి.”

“అచ్చం గేమ్‌లో లెక్కనే తిడ్తుండు,” అని కేరింతలు. పెద్దవాళ్లు కూడా వచ్చారు. పెళ్లికూతురి పెదనాన్న దయాకర్ గారు, ఏదో ఆఫీసులో పెద్ద హోదా, నా భుజం మీద చెయ్యేసి ఫోటో తీయించుకున్నారు.

“రోనాల్డ్ మీ బామ్మర్దా? మా అందరి పరువు నిలబెట్టాడండీ. మీరేం చదివారు?”

“ఎనిమిది.”

“అరెరే,” అన్నారు. “పోనీలెండి. ఇంట్లో ఒక్కడైనా వెలిగాడు.”

ఆయన తప్పుగా ఏమీ అనలేదు. వెళ్లి భోజనానికి కూర్చున్నారు. నేను వైర్లు చుట్టుకుంటూ, ఇంట్లో ఒక్కడు, ఇంట్లో ఒక్కడు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ఏదో పాట పల్లవి నోట్లో ఇరుక్కున్నట్టు ఆ మాట ఇరుక్కుపోయింది.

*

సెప్టెంబరు మొదటి ఆదివారం. నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల ఉన్న రోజు, గుడి నిండింది. బయట సన్నటి జల్లు. నేను వెనక మూలన మిక్సరు ముందు ఉన్నాను. లైవ్‌కు పోయే సౌండుకు వేరే స్లైడర్ ఉంటుంది. తెల్ల టేపు అంటించి దాని మీద ‘లైవ్’ అని రాసుకున్నది నేనే.

“ప్రార్థన అంశాలు ఉన్నవారు లేవండి,” అన్నారు అయ్యగారు.

స్లైడర్ కిందికి లాగి పియానో వదిలాను. ఒక పెద్దాయన లేచి మోకాలి ఆపరేషన్ గురించి చెప్పాడు. తర్వాత ఒక తల్లి, కొడుకు వీసా. మూడోది ప్రేమమణి. ఆకుపచ్చ చీర కట్టుకుంది. క్యారల్ మైకు తీసుకెళ్లి ఇచ్చింది.

“అందరికీ వందనాలండి. మా తమ్ముడు రోనాల్డ్ గురించి మీ అందరికీ తెలుసు. మాది పెద్ద కుటుంబం కాదు. దేవుడు దయ చూసి మా ఇంట్లో ఒక్కణ్ణైనా పైకి తెచ్చాడు.”

ముందు వరసల వాళ్లు తిరిగి నవ్వుతూ తల ఊపారు. రోనాల్డ్ తల వంచుకున్నాడు.

నా వేలు స్లైడర్ మీదే ఉంది. పియానో తగ్గించాను. స్లైడర్ పైకి జరిపాను. రెండంగుళాలు కూడా ఉండదు. తర్వాత ఏం చెప్పబోతుందో నాకు తెలుసు. తెలియదని ఎవరితోనైనా అనగలను గానీ, ఇక్కడ అనను.

ప్రేమమణి కంపెనీ పేరు చెప్పింది. దేశం పేరు చెప్పింది. సంతకం ఏ వారంలో కావాలో కూడా చెప్పింది. పేరు పేరునా, వాళ్ల అమ్మ నేర్పినట్టే. నలభై సెకన్లు. ఆమె కూర్చోగానే స్లైడర్ కిందికి లాగి, పియానో పెంచాను. తర్వాత రొట్టె వచ్చింది, ద్రాక్షారసం వచ్చింది. తీసుకున్నాను.

*

సోమ, మంగళ ఏమీ కాలేదు. ఏమీ కాదులే అనుకుని సంతోషించాను కూడా. అవును, సంతోషించాను.

బెంగుళూరులో ఒకామె గేముల మీద వీడియోలు చేస్తుందట. ఆమె అత్తగారు మా లైవ్ చూస్తారట. మంగళవారం సాయంత్రం అత్తగారు మళ్లీ పెట్టుకుని చూస్తుంటే, కోడలి చెవిన ఆ పేరు పడింది. ఆ నలభై సెకన్లు కోసి, కింద ఇంగ్లీషులో మాటలు రాసి, ‘ఈ ఏడాది అతి పెద్ద లీకు ఒక ఆంటీ ప్రార్థనలో’ అని పెట్టింది. బుధవారం పొద్దున్నకల్లా లోకమంతా నవ్వుతోంది. ఎవరో దానికి పాట కట్టారు. చెడ్డ ఉద్దేశంతో ఎవరూ చెయ్యలేదు. ఆంటీ చాలా మంచిదని కూడా రాశారు.

శుక్రవారం ఆ విదేశీ కంపెనీ నుంచి రెండు పేరాల ఉత్తరం వచ్చింది. సంతకం ఉండదు.

ఆ సాయంత్రం రోనాల్డ్ మా ఇంటికి వచ్చాడు. తలుపు దగ్గరే ప్రేమమణి వాడి రెండు చేతులూ పట్టుకుంది.

“నా నోరు పడిపోను. నేను ఏం చేశానురా.”

“ఊరుకో అక్కా. నువ్వేం చేశావు? ప్రార్థన చేశావు.”

“లైవ్‌లో ఎట్లా పోయింది? పోదుగా.” నా వైపు తిరిగింది. “ఏవండీ, అది ఎట్లా పోయిందండీ?”

“మిక్సరు పాతది,” అన్నాను. “ఒక్కోసారి దానంతట అదే గట్ల అయితది.”

రోనాల్డ్ తలెత్తి నన్ను చూశాడు. ఎక్కువసేపు కాదు. గ్లాసులో నీళ్లు ఉన్నాయి, తాగాడు.

“అవునక్కా,” అన్నాడు. “పాత మిక్సర్లు అంతే.”

అప్పుడే నాకు అర్థమైంది. ఆదివారం ఆరాధన వీడియో మొత్తం వాడు చూశాడు. మోకాలి ఆపరేషన్‌కు పియానో ఉంటుంది, వీసాకు పియానో ఉంటుంది, వాడి అక్కకు మాత్రం పియానో ఉండదు, ఆమె కూర్చోగానే మళ్లీ పియానో ఉంటుంది. పాడైన మిక్సరు అంత లెక్కగా పాడవదు. సౌండు తెలిసినవాడు ఎవడైనా ఒక్కసారి వింటే పట్టేస్తాడు. బుధవారమే అయ్యగారితో మాట్లాడి ఆ వీడియో తీయించేసింది కూడా వాడేనని తర్వాత తెలిసింది. క్లిప్పు లోకమంతా తిరుగుతూంటే మొత్తం వీడియో తీయించి ఏం లాభం అని ఆయన అడిగితే, “అక్క చూడకూడదు అయ్యగారూ,” అన్నాడట.

*

అక్టోబరు నడిమికి మెట్టుగూడ ఆఫీసు ఖాళీ అవుతోందని క్యారల్ చెప్పి ఏడ్చింది. నేను వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. పోయి చూడాలనిపించింది. వాన లేదు. కిందనే ట్రాలీ ఆటోలోకి కుర్చీలు ఎక్కిస్తున్నారు. మెట్ల మీద రాహుల్ ఎదురయ్యాడు. అట్టపెట్టె చంకలో పెట్టుకుని, “పూణె వెళ్లిపోతున్నా అంకుల్,” అని రెండో చేత్తో నమస్కారం పెట్టాడు.

రోనాల్డ్ సౌండు గదిలో ఒక్కడే ఉన్నాడు. గోడల మీది స్పంజి ముక్కలు పీకుతున్నాడు. ఇల్లు గలాయనకు గోడలు ఎట్లా ఇచ్చాడో అట్లాగే కావాలట. జిగురుతో పాటు సున్నం పెచ్చులు ఊడి వస్తున్నాయి. నేను రెండో గోడ దగ్గర నిలబడి పీకడం మొదలుపెట్టాను.

“వీడియో మొత్తం చూసినవు కదా,” అన్నాను చివరికి.

“చూశాను.”

“మరి చెప్పవేంది? మీ అక్కకు చెప్పు. సంఘంల చెప్పు. నేను గిట్ల పరేషాన్ అయ్యే బదులు, తిట్టెయ్యరాదూ?”

“చెప్తే సంతకం వస్తుందా?”

“రాదు.”

“చెప్తే అక్క ఎక్కడికి పోవాలి, బావా? ఈ వయసులో?”

నేను స్పంజి ముక్క పట్టుకుని నిలబడ్డాను. వాడు పీకుతూనే ఉన్నాడు.

“నాకు కోపం లేదనుకోకు,” అన్నాడు. “ఉంది. ఇరవై మంది ముఖాలు చూసి పంపించాను. ఎంత కోపం ఉందో నీకు తెలియదు. కొన్నాళ్లు నేను మీ ఇంటికి రాను. అక్క అడిగితే పని ఉందని చెప్తాను. నువ్వు కూడా అదే చెప్పు.”

పాతికేళ్లలో మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు. నాకు ఎక్కడో హాయిగా అనిపించింది. వెంటనే వాడు సర్దుకున్నాడు.

“ఆ గోడ నేను చూసుకుంటా. మీరు వెళ్లండి.”

మెట్లు దిగుతుంటే నాకు కలగాల్సింది సిగ్గు. కలిగింది కూడా, కాదనను. కానీ దానికి ముందు కలిగింది వేరే. కంపెనీ పోయింది, ఫోటోలు పోయాయి, ఇప్పుడు వాడూ నేనూ సమానం కావాలి కదా. కాలేదు. కుర్చీలు కూడా లేని ఆఫీసులో నిలబడి, వాడు నాకంటే ఇంకో మెట్టు పైకెక్కాడు. ఈసారి వాణ్ణి కిందికి దించడానికి నా దగ్గర ఏ స్లైడరూ లేదు.

*

ప్రేమమణి గుడిలో ప్రార్థన అంశాలకు లేవడం మానేసింది. ఇంట్లో రాత్రి భోజనం ముందు చేసే ప్రార్థన కూడా క్యారల్‌కు అప్పగించింది. “నువ్వు చెయ్యమ్మా, నా నోరు మంచిది కాదు,” అంటుంది. అక్టోబరు మొదటి ఆదివారం రొట్టె పళ్లెం ఆమె ముందుకొస్తే, తీసుకోకుండా పక్కావిడకు అందించింది. నేను వెనక మూల నుంచి చూశాను. ఒంట్లో బాగా లేదేమో అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. నవంబరు మొదటి ఆదివారం కూడా పళ్లెం అట్లాగే దాటిపోయింది. ఈసారి పక్కనున్న ఇద్దరాడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా సంఘంలో బల్ల వదిలేయడమంటే చిన్న విషయం కాదు. ఏదో పాపం చేసినవాళ్లే వదిలేస్తారు.

నేను వదల్లేదు. రెండు నెలలూ తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఆమె వంటింట్లో కింద కూర్చుని ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది. క్యారల్ ఇంట్లో లేదు. నేను గడప దగ్గర నిలబడ్డాను.

“బల్ల ఎందుకు ఇడిసిపెడ్తున్నవ్?”

“మీకు తెలియదా? ఇరవై మంది కూడు తీసిన నోరు ఇది. దీంతో రొట్టె ఎట్లా తినను?”

“మిక్సరు పాడు కాలేదు, ప్రేమా.”

ఆమె తుంచుతూనే ఉంది. “మరి?”

“స్లైడర్ నేనే లేపిన.”

చెయ్యి ఆగింది. “చెయ్యి తగిలిందా? చూసుకోలేదా?”

అవునంటే చాలు, అక్కడితో అయిపోతుంది. ఆమె ముఖం ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది.

“లేదు. తెలిసే లేపిన.”

ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. దానికి నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. ఎన్నేళ్ల నుంచో కూడబెట్టుకున్నవి. అడిగితే అన్నీ చెప్పేసేవాణ్ణి. ఆమె అడగలేదు.

“రోనాల్డ్‌కు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“ఆ బుధవారం నుంచే.”

ఆమె లేచింది. కుళాయి కింద చేతులు కడుక్కుంది. నీచు వాసన పోయేదాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, కిటికీలో పెట్టిన ఫోన్ తీసుకుంది. నన్ను దాటి ముందు గదిలోకి వెళ్లి, నిలబడే ఫోన్ చేసింది.

“ఒరే నాన్నా. ఏం తిన్నావురా?” అంది. “లేదు, ఏం కాలేదు. నువ్వు ఇంకేం చెప్పకు. ఏం తిన్నావో అది చెప్పు.”

అటు నుంచి వాడేదో అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. రెండు నెలల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను. నిజం చెప్పింది నేను. నవ్వు మాత్రం వాడికే పోయింది.